పెనుకొండ కోటలో చిలకపచ్చ చీర

మా ఇంట్లో మనుషుల మొహాలు చూసే అలవాటు ఎవరికీ లేదు. వీధిలో ఎవరైనా పోతుంటే ముందు అంచు చూస్తాం, తర్వాత కొంగు చూస్తాం, ఇంకా టైముంటే అప్పుడు మనిషిని చూస్తాం. మా నాయనకైతే ఆ మూడో పనికి ఎప్పుడూ టైం దొరకలేదు. ఒకసారి ధర్మవరం స్టేషన్లో ఆయన ఒకామె పక్కన బెంచీమీద కూచుని, ఆమె చీర అంచులో జరీ పలచగా ఉందని, ఈ కాలం నేతగాళ్లకు సిగ్గూ ఎగ్గూ లేవని రైలొచ్చేదాకా తిట్టి ఇంటికొచ్చాడు. సాయంత్రం మా మేనత్త వచ్చి, సొంత అన్న తనను పలకరించకుండా తన చీరను తిట్టిపోయాడని మా అమ్మ దగ్గర కూచుని ఏడ్చింది. "నువ్వా అది?" అన్నాడు మా నాయన. ఆ తర్వాత భోజనానికి లేచాడు.

అలాంటి మనిషి నా పెళ్లిచూపుల బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. అదీ ఇంట్లో కాదు. పెనుకొండ కొండమీద, రాయల కాలంనాటి కోటలో, గోడలు పడిపోయి సీతాఫలం చెట్లు మొలిచిన చోట. అరవైల మొదట్లో మాట ఇది. పెళ్లిచూపులకు కొండెక్కిన ఆడపిల్ల మా వీధిలో నాకు ముందు లేదు. నా తర్వాత కూడా ఎవరూ ఆ సాహసం చేసినట్టు వినలేదు.

కొండెక్కాల్సి వచ్చింది మా వీధి వల్ల. మగ్గాల ఇళ్ల మధ్య గోడలున్నాయి గానీ అవి పేరుకే. ఒక ఇంట్లో మగ్గం చప్పుడు ఆగితే ఎందుకు ఆగిందో వీధి చివరి ఇంట్లో చెప్పేస్తారు. అప్పటికే రెండు సంబంధాలు మా గడపదాకా వచ్చి, కాఫీ తాగి, కబురు చేస్తామని చెప్పి పోయాయి. కబురు రాలేదు. ఆ రాని కబురు గురించి వీధంతా మాకంటే ఎక్కువ బాధపడింది. ఇంకో సంబంధం కూడా అట్లే పోతే, నన్ను చూసి జాలిపడ్డానికి వచ్చేవాళ్లకు నేను కాఫీలు కలపనని అమ్మతో తెగేసి చెప్పాను.

సంబంధాలు పోవడానికి కారణం నా రంగు కాదు, చదువు కాదు. నేను మగ్గం గుంతలోకి దిగాను. మా ఇళ్లల్లో ఆడవాళ్లు రాట్నం ముందు కూచుని నూలు చుడతారు, పడుగు పోగులు అతుకుతారు, పొద్దుగూకులూ నడుము విరిగేలా చాకిరీ చేస్తారు. కానీ గుంతలో కాళ్లు పెట్టి కూచుని నేసేది మగవాళ్లే. మా నాయనకు కొడుకులు లేరు. నేనూ, నా తర్వాత ఇద్దరు చెల్లెళ్లూ. ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి, సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. షావుకారు మనిషిమీద మనిషిని పంపుతున్నాడు. ఆయన మంచంమీద నుంచే, "తలుపేసి నువ్వు కూచో పాపా," అన్నాడు. కూచున్నాను. చప్పుడు వింటూ ఆయన మంచంమీదినుంచే గట్టిగా కొట్టమనీ, మెల్లగా కొట్టమనీ చెప్పాడు. ఆ తర్వాత మా నాయనకు తరచూ జ్వరం రావడం మొదలైంది. నుదుటిమీద చెయ్యి పెడితే చల్లగానే ఉండేది. లోపలి జ్వరమని ఆయనే చెప్పేవాడు. పాపం, ఈయన ఒళ్లు ఇంత బలహీనమైపోయిందే అని నేను దిగులుపడేదాన్ని, దిగులుపడుతూనే పరుగున పోయి గుంతలో కూచునేదాన్ని.

ఆ గుంతలో కూచుంటే నాకుండే సంతోషాన్ని ఇప్పుడు కూడా సరిగ్గా చెప్పలేను. ఏమీ లేనిచోట ఒక హంస ముక్కు, తర్వాత మెడ, తర్వాత రెక్క వస్తుంటే నాకు ఆకలి గుర్తుండేది కాదు. నా చేతులు అందుకే ఉన్నాయని తెలిసిపోయింది. కానీ తలుపేసినంత మాత్రాన చప్పుడు దాగుతుందా? మా నాయన దెబ్బకూ నా దెబ్బకూ తేడా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. మొదటి సంబంధంవాళ్లు, ఆడది గుంతలో దిగితే ఆ ఇంటి మగ్గం మూలపడుతుందని వేరేవాళ్లతో అన్నారట. రెండోవాళ్లు మర్యాదస్తులు, ఏమీ అనకుండానే పోయారు.

కాబట్టి ఈసారి ఆ మాట దాచాలని మా అవ్వ, అంటే మా నాయన తల్లి, తీర్మానం చేసింది. పిల్ల రాట్నం తిప్పుతుంది, పోగులు అతుకుతుంది, మగ్గం దగ్గరికే పోదు. ఇదీ మా అందరి పాఠం. "వెయ్యి అబద్ధాలాడి ఒక పెండ్లి చెయ్యమన్నారు. మనం ఆడేది ఒకటే కదా," అని అవ్వ వాదన. నాకు మాత్రం భయంగా ఉండింది. అబద్ధం బయటపడుతుందని కాదు, నిలబడుతుందని. అది నిలబడితే నేను జీవితాంతం రాట్నం ముందే కూచోవాలి. నేయనివ్వని ఇంటికి పోనని మా నాయనతో అన్నాను. ముందు పెళ్లి కానీ, మగ్గం సంగతి తర్వాత చూసుకుందాం అన్నాడాయన. ఆయన తర్వాత చూసుకుందామన్న పని ఏదీ ఆయన చూసుకోగా నేను చూడలేదు.

సంబంధం తెచ్చింది పట్టునూలు మూటలు రైల్లో తెచ్చి ఇచ్చే ఒక నడివయసు మనిషి. హిందూపురం పిల్లవాడు, బెల్లం మండీలో గుమాస్తా, తండ్రి పోయాడు, తల్లి ఉంది. వాళ్లూ ఒకప్పుడు నేసినవాళ్లే. ధర్మవరానికీ హిందూపురానికీ మధ్యలో పెనుకొండ ఉంది కాబట్టి ఇద్దరూ ఆడికి వస్తే ఏ వీధికీ తెలీదని ఆయనే ఉపాయం చెప్పాడు. దానికి కట్టుబాట్లు కూడా చెప్పాడు. ఎవరికి వాళ్లు కోట చూడ్డానికి వచ్చినట్టు రావాలి. అనుకోకుండా కలిసినట్టు కలవాలి. ఏ ఊరని అడగకూడదు, పేరు అడగకూడదు, పెళ్లి మాట అసలే ఎత్తకూడదు. నచ్చితే తర్వాత ఆయన ద్వారా కబురు. నచ్చకపోతే కోట చూసినట్టు లెక్క, ఎవరికీ తలవంపు లేదు.

మరి ఒకరినొకరు గుర్తుపట్టేదెట్లా అని మా అమ్మ అడిగింది. పిల్లవాడి తల్లి చిలకపచ్చ చీర కట్టుకుని వస్తుందని, దానికి వంకాయరంగు అంచనీ, కొంగులో హంసల వరుసనీ, అది మా మగ్గం మీద నేసిందేననీ ఆయన చెప్పాడు. మా నాయన మొహం వెలిగిపోయింది. నా చీరను కళ్లకు గంతలు కట్టుకుని చేత్తో తడిమి చెప్తాను, ఇంకేం భయం లేదు అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి కాబట్టి ఇంకెవరూ ఏమీ అడగలేదు.

పొద్దున పాసింజర్లో మేం ముగ్గురం బయలుదేరాం. మా నాయన, అవ్వ, మామిడిపండు రంగు చీరలో నేను. అమ్మ చెల్లెళ్లతో ఇంట్లో ఉండిపోయింది. అవ్వ ఒక గిన్నె నిండా ఓళిగలు, అంటే బొబ్బట్లు, ఇంకో గిన్నె నిండా చిత్రాన్నం మూటకట్టుకుంది. అనుకోకుండా కలిసేవాళ్లకు ఇన్ని ఓళిగలెందుకని అడిగితే, అనుకోకుండా ఆకలేస్తే అంది. పెనుకొండ స్టేషన్నుంచి జట్కాలో ఊళ్లోకి పోయి, అక్కణ్నించి కొండ ఎక్కడం మొదలుపెట్టాం.

అవ్వ ప్రతి పడిపోయిన గోడ దగ్గరా నిలబడి, కోట ఇదేనా, ఇంగ చాలునా అని అడిగింది. ఇంత ఎత్తులో రాజులు ఎందుకున్నారో ఆమెకు అర్థం కాలేదు. శత్రువులు రాకుండా అని నేను చెప్పాను. "శత్రువులు కాదుమే, చుట్టాలు కూడా రారు," అంది అవ్వ. రాజ్యం పోవడానికి కారణం మోకాళ్ల నొప్పులేనని ఆమె ఆరోజు తేల్చేసింది, చివరిదాకా ఆ మాట మార్చుకోలేదు. మా నాయన ఆలోచన వేరు. ఆయన కోటగోడ పొడుగునా తలతిప్పి చూస్తూ, పడుగు సాగదీసి కట్టుకోవడానికి ఇంత సాపైన చోటు ధర్మవరంలో ఎక్కడా లేదని, బండ్లు రావు, గొడ్లు రావు, కోట కట్టినవాళ్లకు బుద్ధి ఉందని మెచ్చుకున్నాడు. కాస్త పైకి పోయాక గాలి ఎక్కువైంది. గాలికి పట్టుపోగులు నిలవవు కాబట్టి ఆ మెప్పు కూడా వెనక్కి తీసుకున్నాడు.

పైన విరిగిన స్తంభాల మంటపం ఒకటుంది. దాని ఇవతలి పక్క నీడలో ఒక పెద్ద ముత్తయిదువ, ఆమె పక్కన బలంగా ఉన్న ఒక పిల్లవాడు కూచుని ఉన్నారు. ఆమె చీర చిలకపచ్చ. అంచు వంకాయరంగు. మా నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మనదే," అన్నాడు. చీర గురించే అన్నాడు గానీ మాకు మనుషులు కూడా ఖాయమైపోయారు. ఆమె మొహం గానీ, దానిమీది కుంకుమబొట్టు గానీ మాలో ఒక్కరం కూడా చూడలేదు.

అనుకోకుండా కలిసే పని మా నాయన చాలా శ్రద్ధగా చేశాడు. వాళ్లను దాటి నాలుగడుగులు ముందుకు పోయి, తిరిగొచ్చి, ఆకాశం వైపు చూసి, నీడ ఇక్కడే బాగుండాదక్కా అన్నాడు. కూచోండన్నా అంది ఆమె. కూచున్నాం. అవ్వ వెంటనే గిన్నె మూత తీసింది. పిల్లవాడు ఇచ్చిన ఓళిగను ఇచ్చినట్టే తిన్నాడు. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. మొహమాటం లేని పిల్లోడు, మన ఇంట్లో కలిసిపోతాడని అవ్వ నా చెవిలో చెప్పి ఇంకో ఓళిగ వేసింది.

ఏం పని చేస్తావు నాయనా అని మా నాయన అడిగాడు. గొర్రెలు మేపుకుంటామని చెప్పాడతను. నేను ఉలిక్కిపడ్డాను. మా నాయన మాత్రం నావైపు కన్నుగీటి మెల్లగా అన్నాడు. "బెల్లం మండీ అంటే మనం గుర్తుపడతామని గొర్రెలంటాండాడు. తెలివైన పిల్లోడు."

ఆ తెలివికి మురిసిపోయి మా నాయన కూడా తెలివి చూపించాలనుకున్నాడు. మేము వేరుశనక్కాయల వ్యాపారం చేస్తామని చెప్పాడు. ఈసారి ఎట్లుండాది పంట అని ఆమె నిజంగానే అడిగింది. మా నాయనకు వేరుశనగ గురించి తెలిసిందల్లా వేయించుకుని తినడమే. బాగా వేగినాయి అన్నాడు. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ అడ్డుపడి, మా పాప రాట్నం ముందు కూచుందంటే లేవదు, మగ్గం దిక్కు కన్నెత్తి కూడా చూడదు అని పాఠం అప్పజెప్పింది. వేరుశనక్కాయల ఇంట్లో రాట్నమెందుకో, మగ్గాన్ని ఎందుకు చూడకూడదో వాళ్లకు అర్థం కాలేదు. కానీ మర్యాదగల మనుషులు. మంచిదేలే తల్లీ అని నా తల నిమిరింది ఆమె.

ఆమె చెయ్యి ఎత్తినప్పుడు కొంగు నా ముందుకు జారింది. అప్పుడు చూశాను. వరుసలో హంసలన్నీ ఎడమకు పోతుంటే, ఒక్కటి మాత్రం కుడికి తిరిగి నిలబడి ఉంది. ఆ హంసను నేసింది మా నాయన కాదు, నేను. ఒక్కొక్క హంసకూ చేత్తో పోగులెత్తి వేయాలి. ఒకనాడు నిద్రమత్తులో ఉండి ఎదురు పక్కనుంచి మొదలుపెట్టి, అయిపోయినాక చూసుకున్నాను. మా నాయన చూసి, షావుకారుకు ఇంత కన్నులేదులే అన్నాడు. నిజంగానే లేదు. ఇప్పుడు కాబోయే అత్త ఒంటిమీద నా తప్పు కూచుని ఉంది, పక్కనే మగ్గం ఎరగని పిల్లనని నన్ను పొగుడుతున్నారు.

ఇంక నాకు ఒకటే పని. ఆ కొంగును మా నాయన కంట పడకుండా, ఆమె చేతికి అందకుండా మడిచి పెట్టాలి. ఆమె వెనక్కి పోయి కూచున్నాను. చీమ పాకుతోందని కొంగు దులిపి లోపలికి మడిచాను. ఆమె మళ్లీ బయటికి లాగింది. కోతి వస్తోందని చెప్పి మళ్లీ దోపాను. అంతలో నిజంగానే ఒక కోతి వచ్చి చిత్రాన్నం గిన్నెలో చెయ్యి పెట్టింది. అవ్వ గిన్నె మూతతో దాన్ని గోడదాకా తరిమింది. మోకాళ్ల నొప్పుల గురించి తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఈ గొడవలో మా నాయనకు తాను వేరుశనగ వ్యాపారినన్న సంగతీ, ఎప్పుడో చూసిన ఆ తిరిగిన హంస సంగతీ మరుపుకొచ్చాయి. ఆమె కొంగును రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు పెట్టి, ఈ నేత ఎట్లుంది చూడక్కా, ఒక్క హంసయినా దారి తప్పిందా చూడు అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఆమె తాపీగా ఆ హంసమీద వేలు పెట్టింది.

"ఇది తప్పిందిలేన్నా. అందుకే నేను ఇదే కావల్లని తీసుకుంటి. అన్నీ ఎవరికి వాళ్లు పోతాండాయి. ఇదొక్కటే వెనకొచ్చేటోళ్లను చూసుకుంటాండాది."

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈమె ఇంటికైతే కోడలిగా పోవచ్చు, గొర్రెలున్నా ఫరవాలేదు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కొండదారిలో ఒక చిన్నది నీళ్లచెంబు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. వచ్చి ఆ పిల్లవాడి పక్కన ఆనుకుని కూచుంది. అతని చేతిలో ఉన్న సగం ఓళిగ లాక్కుని తినేసింది. ఎవరమ్మా నువ్వని అవ్వ అడిగింది. ఈయన పెండ్లాన్ని అని ఆ పిల్ల నోటినిండా ఓళిగతో చెప్పింది.

వాళ్లు ముదిగుబ్బవాళ్లు. పోయిన నెలలో కొడుకు పెళ్లికని ఆమె ధర్మవరంలో ఆ చీర కొనుక్కుంది. కొత్త జంటను కొండమీది నరసింహస్వామికి మొక్కించడానికి తీసుకొచ్చింది. మీరు ఎవరనుకున్నారన్నా అని ఆమె జాలిగా అడిగింది. పెళ్లి మాట ఎత్తకూడదు కాబట్టి మా నాయన నోరు తెరవలేకపోయాడు. చీర వైపు మాత్రం నమ్మకద్రోహం చేసిన మనిషిని చూసినట్టు చూశాడు.

అప్పుడు మంటపం అవతలి పక్కనుంచి ఇంకో ఆడమనిషి వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. ఆమె వెనక అద్దాలు పెట్టుకున్న ఒక సన్నటి పిల్లవాడు. ఆమె కట్టుకున్నది చిలకపచ్చ చీర, వంకాయరంగు అంచు. రెండు పచ్చచీరలూ ఒకదానికెదురుగా ఒకటి నిలబడ్డాయి. మా నాయన దాన్నీ చూశాడు, దీన్నీ చూశాడు. ఒక పడుగుమీద ఒకే రకం చీరలు మూడు దిగుతాయని మా వీధిలో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. ముప్పై ఏళ్లు నేసిన మనిషికి ఆ కొండమీద అది గుర్తు రాలేదు.

"ఏమన్నా, కోట చూసేది అయిందా?" అంది ఆమె. "మేము పొద్దున్నించి సుమ్మనే, ఊరికే కోట చూస్తానే ఉండాము."

అవతలి పక్కనుంచి వాళ్లు సగం సగం విన్నారట. ఒకే కొండమీద, ఒకే పూట మేము రెండు సంబంధాలు చూసుకుంటున్నామని, అందులో ఓళిగలు మొదటివాళ్లకే అయిపోయాయని ఆమెకు కోపం. నిజంగానే అయిపోయాయి. గిన్నెలో కోతి వదిలిపెట్టిన చిత్రాన్నం మాత్రం ఉంది. అవ్వ దాన్ని చూపించి, మళ్లీ మూత పెట్టేసింది.

మా తప్పు ఏమిటో ముదిగుబ్బ అక్కకు అర్థమైపోయినట్టుంది. నవ్వుతూ రెండు కొంగులూ పక్కపక్కన పట్టింది. హిందూపురం ఆమె వంగి చూసింది. ఆమెది మండీలో సరుకు చూసే చూపు. తన కొంగులో హంసలన్నీ వరుసలో ఉన్నాయి, దీంట్లో ఒకటి తిరిగి ఉందని వెంటనే కనిపెట్టింది. మా నాయన వైపు తిరిగింది.

"మీ చేత్తో నేసిండేదని చెప్పి నాకు అమ్మినారు. ఈ రెండిట్లో నువ్వు నేసిండేది యాదన్నా?"

చాలా తేలికైన ప్రశ్న. నీదేనమ్మా, తప్పున్నది ఇంకెవరిదో అంటే అయిపోయేది. వేరుశనగలు అమ్మిన నోటికి అదేం కష్టం కాదు. అవ్వ ఆ మాటే అనమని మా నాయన వీపు గిల్లడం నేను చూశాను. ఆ ఒక్క మాటతో సంబంధం నిలబడేది, నా మగ్గం పోయేది. నేను తలవంచుకుని నిలబడ్డాను. మా నాయన తిరిగిన హంసను చూశాడు. తర్వాత, నాకు తెలిసి జీవితంలో మొదటిసారి, చీరను వదిలిపెట్టి నా మొహం చూశాడు.

"రెండూ మా పాప నేసిండేవే," అన్నాడు. "నేను నేసిండేది ఆ పడుగులో మొదటిది. అది ఎవరు కట్టుకున్నారో నాకు తెలీదు. అప్పుడు నాకు జ్వరం."

గాలికి రెండు కొంగులూ ఎగిరాయి. మా నాయన మళ్లీ అన్నాడు.

"జ్వరం కూడా అబద్ధమేలేమ్మా. పాప నేస్తాంటే చూసేకి పండుకుంటి."

అవ్వ గిన్నె మీదే కూలబడింది. ఇన్నేళ్లూ ఆయన నుదురు చల్లగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు ఆయనకోసం మిరియాల కషాయం కాచానో, ఎన్నిసార్లు ఆయన అది మొహం చిట్లించకుండా తాగాడో గుర్తొచ్చి నాకు ఆ కొండమీద నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముదిగుబ్బ అక్క నా భుజంమీద చెయ్యి వేసింది.

హిందూపురం ఆమె తన కొంగును విప్పి, పైకెత్తి, ఒక్కొక్క హంసనూ గోటితో గీకి చూసింది. అంచు వెనకవైపు తిప్పి ముడులు చూసింది. ఎంతసేపు చూసిందో. చివరికి ఎవరివైపూ చూడకుండా అంది. "మా ఇంట్లో ఆయన పోయినాంక మగ్గం గుంతలో కోళ్లు గుడ్లు పెడతాండాయి."

అది అవునో కాదో మాకు తెలియలేదు. అదేదో హిందూపురం సామెత కాబోలని అవ్వ అనుకుంది. మా నాయనకు మాత్రం అర్థమైంది. ఆయన అద్దాల పిల్లవాడి దగ్గరికి పోయి ఆ గుంత ఎంత లోతుంటుందని అడిగాడు. అంతవరకూ నోరు విప్పని ఆ పిల్లవాడు ఒకడుగు ముందుకొచ్చి, తన మోకాలికి కాస్త పైన చెయ్యి పెట్టి చూపించాడు.

మా నాయన నన్ను తలనుంచి కాళ్లదాకా చూశాడు. నేను ఆయనకంటే పొడుగు.

"చాలదప్పా. కాళ్లు ముడుచుకుని కూచుంటే నడుము పోతాది. ఇంగ జానెడు తవ్వల్ల."

"తవ్వుతా మామా," అన్నాడతను.